నీలం తెర ముందు తాతలు

మంగళవారం చేయాల్సిన పనులన్నీ నజ్మా ముందురోజే ఒక కాగితం మీద వరుసగా రాసుకుంది. ఏడున్నరకు ఆదోనిలో బస్సెక్కాలి. ఎనిమిదిన్నరకు ఎమ్మిగనూరులో దిగి ఉగ్గాని తినాలి. తొమ్మిదికల్లా గ్రంథాలయం హాల్లో బల్ల మీద స్కానరు పెట్టుకుని కూర్చోవాలి. జనం తమ తాతల పాత ఫోటోలు తెస్తారు. ఒక్కొక్కటీ స్కానరు మీద పెట్టి, బటన్ నొక్కి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. మనిషికి మూడు నిమిషాలు. మధ్యాహ్నానికి నలభై ఫోటోలు. నాలుగు గంటల బస్సుకు ఇల్లు. వీటిలో అనుకున్నట్టు జరిగింది ఉగ్గాని ఒక్కటే.

నజ్మా ఉద్యోగం ఆదోనిలో పత్తి మార్కెట్ వెనకాల ఉన్న చరిత్ర పత్రాల గదిలో. పేరుకు భాండాగారం, నిజానికి ఒకటే గది. అందులో రెండు వందల పద్నాలుగు పెట్టెలు, ఒక నజ్మా, ఒక అటెండరు గోవిందన్న. పెట్టెల్లో పత్తి మిల్లుల హాజరు పుస్తకాలున్నాయి, కరువు పనుల జాబితాలున్నాయి, నేతగాళ్లు నూలు కోసం రాసుకున్న అర్జీలున్నాయి. ఎనిమిదేళ్లుగా వాటి దుమ్ము దులిపి, చెదలు పట్టకుండా చూసి, ఒక్కొక్క కాగితానికీ వివరం రాసిన మనిషి నజ్మా. ఆ పెట్టెలంటే ఆమెకు ప్రాణం. పైఅధికారి రవికుమార్‌కు మాత్రం ఆ గది అంటే అద్దె.

ఆయన కర్నూలు నుంచి వచ్చి సందర్శకుల పుస్తకం తెరిచి చూశాడు. ఏడాదిలో తొమ్మిది సంతకాలున్నాయి. అందులో నాలుగు గోవిందన్నవి.

"శుక్రవారం సాయంత్రానికి ఆన్‌లైన్ ప్రదర్శన ఒకటి పెట్టమ్మా. పైనుంచి ఒత్తిడి ఉంది. నలభై ఫోటోలకు ఒక్కటి తగ్గినా సోమవారం వ్యాను పంపిస్తాను, పెట్టెలన్నీ కర్నూలుకు వచ్చేస్తాయి" అన్నాడు.

కర్నూలులో ఆ పెట్టెలు పోయేది భవనం కింది అంతస్తుకు. వానాకాలంలో అక్కడ నీళ్లు నిలుస్తాయి. ఆ సంగతి నజ్మాకు తెలుసు. అందుకే 'మన పెద్దల పని' అని ప్రదర్శనకు పేరు పెట్టి, తాతలు మగ్గం మీదా, పొలంలోనూ, మిల్లులోనూ పని చేస్తున్న ఫోటోల కోసం గోవిందన్నను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు బయలుదేరింది. గ్రంథాలయం గోడకు నోటీసు కూడా అంటించింది. 'ఏ ఫారమూ అవసరం లేదు. ఆధార్ అవసరం లేదు. ఒరిజినల్ ఫోటో తెస్తే చాలు. జిరాక్సులు వద్దు.' ఇంత సులువైన ప్రభుత్వ ప్రకటన ఆ ఊరు ఇంతవరకూ చూసి ఉండదని ఆమె గర్వపడింది. అది నిజమే. చూడలేదు గనుకనే ఎవరూ నమ్మలేదు.

తొమ్మిది అయింది, పది అయింది. నోటీసు చదివినవాళ్లు కొందరు కిటికీలోంచి తొంగి చూసి వెళ్లిపోయారు. పదిన్నరకు మాదన్న అనే ముసలి నేతగాడు వచ్చాడు. చంకలో తువ్వాలుతో చుట్టిన చట్రం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టలేదు.

"ఫారం యాడమ్మా?"

"ఫారం లేదు పెద్దాయనా. ఫోటో ఇస్తే చాలు. ఇట్ల పెట్టి అట్ల తీస్తాను."

"తీసి?"

"మీకే ఇచ్చేస్తాను."

"నాకే ఇచ్చేదానికి తీసుకునేది యాల?"

ఆన్‌లైన్ గురించి, చరిత్ర గురించి, ముందు తరాల గురించి నజ్మా ఐదు నిమిషాలు చెప్పింది. మాదన్న శ్రద్ధగా విన్నాడు. తువ్వాలు కొంచెం విప్పి తన తల్లినీ తండ్రినీ చూపించాడు కూడా. గుంత మగ్గం ముందు ఒక బక్కపలచటి మనిషి, పక్కన రాట్నం తిప్పుతున్న ఆడమనిషి, వాళ్ల వెనక దండెం మీద ఆరేసిన నూలు. నజ్మా చెయ్యి తనంతట తానే ముందుకు పోయింది. తువ్వాలు మూసుకుపోయింది.

"రసీదు ఇస్తావా?"

"ఇప్పుడే తిరిగి ఇచ్చేదానికి రసీదు యాలన్నా?"

"ఇయ్యకపోతే నేను దేన్ని చూపిచ్చి అడిగేది?" అని మాదన్న లేచాడు. "ఫారం లేదు, రసీదు లేదు, ఒరిజినల్ మాత్రం కావల్లంట. నా వయసు డెబ్బై ఆరమ్మా. ఆఫీసుకు ఒరిజినల్ ఇచ్చినోడు మళ్ల దాన్ని చూసినాడని నేను వినలేదు."

ఆయన వెళ్లాక గోవిందన్న గొంతు సవరించుకున్నాడు. రిటైర్మెంటుకు పదకొండు నెలల దూరంలో ఉన్న మనిషి కాబట్టి సలహాలు మెల్లగా ఇస్తాడు.

"నజ్మమ్మా, ఒక ఫారం కొట్టిద్దాం. పేరు, ఊరు, సంతకం. చేతిలో కాగితం ఉంటే ధైర్యం వస్తాది వీళ్లకు."

"వద్దు గోవిందన్నా. ఫారం పెట్టినామంటే ఫోటోలు రావు, ఆధార్ జిరాక్సులు వస్తాయి" అంది నజ్మా. ఆ మాట ఎంత నిజమో ఆమెకు మధ్యాహ్నానికి గానీ తెలియలేదు.

గోవిందన్న టీ తాగడానికి ఎదురుగా ఉన్న జిరాక్సు అంగడికి పోయాడు. అంగడి తిరుపాల్‌ది. తిరుపాల్ మంచివాడు. తన అంగడి మెట్టు ఎక్కినవాడు ఉత్త చేతులతో దిగడం చూడలేని మంచితనం అతనిది. పొద్దుటి నుంచి ఇరవై మంది వచ్చి "గ్రంథాలయంలో ఏదో ఇస్తాండారంట, ఫారం ఉందా" అని అడిగి వెళ్లారు. లేదని చెప్పి చెప్పి అతని మనసు విరిగిపోయి ఉంది.

"ఫారం ఉండింటే వచ్చేటోళ్లు" అన్నాడు గోవిందన్న, టీ ఊదుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు.

పావుగంటలో ఫారం తయారైంది. తిరుపాల్ కంప్యూటరులో ఉన్న ఏదో పాత దరఖాస్తు తీసి, 'దరఖాస్తుదారు' అని ఉన్న చోట్లలో సగం వదిలేసి, మిగతా సగంలో 'తాత' అని మార్చాడు. పైన 'మన పెద్దల పని' అని కొట్టి చూస్తే వెలితిగా కనిపించింది. పక్కన 'పథకం' అని చేర్చాడు. నంబరు లేని ఫారం బోడిగా ఉంటుందని కుడి మూలన తన మోటారు సైకిలు నంబరు వేసి, గీత గీసి, బండి కొన్న సంవత్సరం రాశాడు. మూడో గడిలో తాత ప్రస్తుత చిరునామా. ఆరో గడిలో తాతకు నాలుగు చక్రాల వాహనం ఉన్నదా, లేదా. తొమ్మిదో గడి ఒక్కటి తిరుపాల్ సొంతం. నోటీసు గుర్తు తెచ్చుకుని 'తాత చేసిన పని, వివరముగా' అని పెట్టి, సగం పేజీ ఖాళీ వదిలాడు. అట్టడుగున జతపరచవలసినవి: ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, తాత పాస్‌పోర్టు సైజు ఫోటోలు మూడు.

రెండు గంటలకు నజ్మా తల ఎత్తేసరికి గ్రంథాలయం గుమ్మం నుంచి రోడ్డు దాకా వరుస ఉంది. ఆమెకు ఎంత సంతోషం కలిగిందంటే, స్కానరు అద్దాన్ని చున్నీతో మళ్లీ ఒకసారి తుడిచింది. వరుసలో మొదటి మనిషి మాదన్నే. ఈసారి చంకలో చట్రం లేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో ఫారం, రెండు జిరాక్సులు, పిన్ను కొట్టిన మూడు చిన్న ఫోటోలు.

నజ్మా ఫోటోలను వెలుతురులో పెట్టి చూసింది. మాదన్న తండ్రే. మెడ వరకూ ఉన్నాడు. మగ్గం లేదు, రాట్నం లేదు, నూలు లేదు, పక్కన ఆడమనిషి లేదు. వెనకాల నిగనిగలాడే నీలం తెర ఉంది. బ్యాంకులో ఖాతా తెరవడానికి వచ్చినట్టు సూటిగా చూస్తున్నాడు.

"ఒరిజినల్ ఏదీ పెద్దాయనా?"

"పెట్టెలో పెట్టి తాళం ఏసినాను" అన్నాడు మాదన్న తృప్తిగా. "ఇప్పుడు కుదిరింది సూడమ్మా. ఫారం ఉంది."

రెండో మనిషి తాతకూ నీలం తెరే. మూడో మనిషి తాతకూ అంతే. ఐదో మనిషి తాతకు కోటూ టై కూడా ఉన్నాయి. ఆయన జీవితాంతం బండి చక్రాలు బిగించిన మనిషి అని మనవడు సాజిద్ చెప్పాడు. కోటు ఎక్కడిదని అడిగితే, తిరుపాల్ దగ్గర మూడు రంగులున్నాయనీ, దాదాకు నల్లది నప్పిందనీ అన్నాడు.

నజ్మా కుర్చీ ఎక్కి నిలబడి, ఇది పథకం కాదనీ, ఈ ఫారం చెల్లదనీ, దయచేసి ఇంటికి పోయి అసలు ఫోటోలు తెమ్మనీ చెప్పింది. వరుస కాసేపు గుసగుసలాడింది. తర్వాత నౌషాద్ అనే పత్తి వ్యాపారి అందరి తరఫునా అడిగాడు.

"వాళ్లోళ్ల పేర్లు ముందే రాసుకున్నారా మేడం?"

"ఎవరోళ్లవి?"

"అదే, చెల్లదంటాండారు గదా. ఇచ్చేటివన్నీ వాళ్లకే అయిపోయినాయేమో అని."

ఇక లాభం లేదని నజ్మా ఒక అట్ట మీద 'ఇది ప్రభుత్వ పథకం కాదు' అని పెద్ద అక్షరాలతో రాసి గుమ్మానికి కట్టించింది. అంత గట్టిగా కాదంటున్నారంటే లోపల చాలా పెద్దదే ఏదో ఉండాలని ఎమ్మిగనూరు తీర్మానించుకుంది.

బుధవారం ఉదయానికి ఆ వార్త గోనెగండ్ల దాటి కోడుమూరు చేరింది. ఆటోలు వచ్చాయి. తాత పని చేసి ఉంటే మనవళ్లకు నెలనెలా ఏదో వస్తుందని కొందరు, తాత చేసిన పనికి యంత్రం ఇస్తారని కొందరు అన్నారు. ఆరో గడి దగ్గర పెద్ద చర్చ జరిగింది. ఎద్దులబండికి రెండు చక్రాలే కాబట్టి భయం లేదని తేల్చుకున్నారు. రెండు ఎద్దులబండ్లున్న తాతల మనవళ్లు మాత్రం దిగులుపడ్డారు. మూడో గడిలో, తాత ప్రస్తుత చిరునామా ఎదురుగా, చాలామంది 'లేడు' అని రాసి పక్కన సంతకం పెట్టారు.

వరుసలోంచి ఒకాయన సిగ్గుపడుతూ ముందుకు వచ్చి, నజ్మా చెవి దగ్గర మెల్లగా అడిగాడు. "మేడం, మా తాత ఏ పనీ చేయలేదు. అరుగు మీద కూసోని ఉండె. మాకు వర్తిస్తాదా?"

అది విన్న వెనకవాళ్లు ఆయనను జిరాక్సు అంగడికి పంపించారు. ఆయన తొమ్మిదో గడిలో 'పర్యవేక్షణ' అని రాయించుకుని వచ్చాడు.

తొక్కిసలాట జరుగుతుందేమో అని వార్డు ఉద్యోగి ఒకాయన వచ్చి, ఎవరినీ అడగకుండా టోకెన్లు పంచి, జనం తగ్గాలంటే గడువు పెట్టాలని 'చివరి తేదీ గురువారం' అని బోర్డు రాశాడు. గడువు పెట్టగానే జనం రెండింతలయ్యారు. ఫోటోల మీద గెజిటెడ్ సంతకం ఉంటే మంచిదని ఎవరో అన్నారు. దగ్గర్లో ఉన్న హెడ్మాస్టరు ఒకాయన పాపం కాదనలేక, అరవై మంది తాతల ముఖాల మీద ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, నిజప్రతి అని రాసి ఇచ్చాడు. కొందరు తాతలకు మీసం ఎక్కడ ఆగిందో, సంతకం ఎక్కడ మొదలైందో తెలియలేదు.

సాయంత్రానికి నజ్మా దగ్గర రెండు వందల ముప్పై ఫారాలు చేరాయి. స్కాను చేసిన పాత ఫోటోలు సున్నా. తిరుపాల్ అంగడి వైపు చూస్తేనే ఆమెకు ఒళ్లు మండింది. రెండు రోజులూ అటు వెళ్లలేదు, అతనితో మాట్లాడలేదు. గోవిందన్నతో కూడా ముక్తసరిగానే మాట్లాడింది. టీ తాగి వచ్చినవాడు అన్ని విషయాలూ చెప్పలేదని ఆమెకు అనుమానం.

గురువారం పదకొండుకు రవికుమార్ జీపు దిగాడు. అనుమతి లేకుండా ఏదో పథకం నడుస్తోందని ఆయనకు ఫోను పోయింది. ముఖం ఎర్రగా ఉంది.

"ఏందమ్మా ఇదంతా? ఈ ఫారం ఎవరిచ్చినారు? ఎవరు ఒప్పుకున్నారు?"

నజ్మా జవాబు చెప్పేలోపలే ఆయన చూపు ఫారం కుడి మూల మీద పడింది. కళ్లద్దాలు సర్దుకుని, నంబరు ఒకసారి చదివాడు. గీత తర్వాత ఉన్న సంవత్సరం రెండుసార్లు చదివాడు. గొంతు తగ్గింది.

"ఇరవైయొకటిది. అప్పుడు పైన పెద్దసారు ఉండె." ఫారాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "నంబరు పడిన దాన్ని మనం రద్దు చేస్తే రేపు మనల్నే అడుగుతారు. ఉండనీ. దీన్ని ముట్టుకోవద్దు."

"సార్, అది అసలు..."

"ముట్టుకోవద్దు అంటాండా గదమ్మా." ఆయన కవరులోంచి ఒక నీలం తెర తాతను తీసి చూసి, వెంటనే లోపల పెట్టేశాడు. "ఫారం సంగతి వేరే, నా నలభై ఫోటోల సంగతి వేరే. ఈ తాతలు చరిత్ర కాదు, రేషన్ కార్డు. రేపు నాలుగు గంటలకు అసలు ఫోటోలు నలభై లేకపోతే సోమవారం వ్యాను వస్తుంది."

జీపు వెళ్లిపోయింది. నజ్మా కుర్చీలో కూలబడింది. ఎనిమిదేళ్ల పని కర్నూలు కింది అంతస్తులో నీళ్లలో తేలుతున్నట్టు కళ్లకు కట్టింది.

"అమ్మా, ఫోటో లేకుంటే ఫారం చెల్లదా?"

ఎదురుగా ఒక నడివయసు ఆడమనిషి నిలబడి ఉంది. పేరు సుంకమ్మ, గోనెగండ్ల నుంచి వచ్చింది, కూలి పని. ఫారం మీద ఫోటో అంటించే గడి ఖాళీగా ఉంది. రెండో గడిలో 'తాత' కొట్టేసి 'అవ్వ' అని రాసి ఉంది.

"మా అవ్వను ఎవరూ ఫోటో తీయలేదమ్మా. కూలోళ్లకు ఫోటో ఎవరు తీస్తారు? తాత గూడా పని చేసినాడు గానీ, అవ్వ చేసినంత చేయలేదు."

మాట్లాడే ఓపిక లేక నజ్మా ఫారం తీసుకుని, తొమ్మిదో గడి మీద చూపు పోనిచ్చింది. చిన్న అక్షరాలతో సగం పేజీ నిండా ఉంది.

'మా అవ్వ పేరు హుసేనమ్మ. ఊరి బావి తవ్వేటప్పుడు మన్ను మోసింది. అరవై అడుగులు. మా నాయన ఆ గట్టు మీదనే పుట్టినాడు. పుట్టిన తొమ్మిదో దినం మళ్ల తట్ట ఎత్తుకుంది. నీళ్లు పడిన దినం అందరికీ బెల్లం పంచినారు. మా అవ్వకు ఇచ్చేది మరిసినారు. బావి సంగతి ఎప్పుడూ సెప్పేది కాదు గానీ, ఆ బెల్లం సంగతి సచ్చేదాకా సెప్తానే ఉండె.'

నజ్మా రెండుసార్లు చదివింది. మూడోసారి అక్షరాలు అలుక్కుపోయాయి. చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"ఇది ఎవరు రాసినారు సుంకమ్మక్కా?"

"ఎదురుంగ జిరాక్సు తిరుపాల్. నాకు రాసేది రాదు. నేను సెప్పింది సెప్పినట్టు రాసినాడు. నడిమధ్యలో కరెంటు పోయినా రాసినాడు."

నజ్మా మిగతా ఫారాలు ముందుకు లాక్కుంది. కోపంలో ఇంతవరకూ ఒక్క ఫారమూ పూర్తిగా చదవలేదని అప్పుడు గుర్తొచ్చింది. తొమ్మిదో గడి ప్రతిదానిలోనూ నిండి ఉంది. మగ్గం గుంతలో కూర్చుని కూర్చుని కాళ్లు వంకరపోయిన సంగతి ఉంది. పత్తి మిల్లులో పదిహేనేళ్లు చేసి, ఇంట్లో కూడా అరిచే మాట్లాడిన మనిషి సంగతి ఉంది. సాజిద్ దాదా బిగించిన చక్రం ఊడిపోయి, పెళ్లికొడుకు బురదలో పడిన సంగతి ఉంది. ఆమె గదిలోని రెండు వందల పద్నాలుగు పెట్టెల కాగితాల్లో ఇలాంటి మాట ఒక్కటి లేదు.

ఫారాలు చంకలో పెట్టుకుని రోడ్డు దాటింది. తిరుపాల్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"రాసింది బాగా రాసినావు తిరుపాల్" అంది నజ్మా. పొగడటానికి వచ్చిందో, తిట్టటానికి వచ్చిందో ఆమెకే స్పష్టంగా లేదు. "కానీ ఆ ఫోటోలు నాశనం చేసినావు. మగ్గాలన్నీ కోసి పారేసినావు. నాకు కావాల్సింది ఆ మగ్గాలే. రేపటికి నలభై లేకపోతే మా గది మూసేస్తారు, నీకు తెలుసా?"

"కోసినాను గానీ పారేయలేదు మేడం."

"అంటే?"

"కోయల్లంటే ముందు మొత్తం స్కాను చేయల్ల గదా." తిరుపాల్ కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. 'తాతలు' అనే ఫోల్డరు తెరిచాడు. గుంత మగ్గం, రాట్నం, దండెం మీద నూలు, అన్నీ ఉన్నాయి. ఆ వెనక పత్తి మూటల మీద వరుసగా కూర్చున్న హమాలీలు. చక్రం లోపలి నుంచి చూస్తున్న సాజిద్ దాదా, కోటు లేకుండా. ఉరుకుంద తిరునాళ్లలో తెర మీద గీసిన మోటారు కారులో నాగలితో సహా కూర్చున్న రైతు. రెండు వందల డెబ్బై మూడు ఫోటోలు, నజ్మా స్కానరు కంటే స్పష్టంగా.

నజ్మా కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. "ఒరిజినల్ ఎవరికీ ఇయ్యం అన్నారు గదా. నీకెట్ల ఇచ్చినారు?"

"మీరు గవర్మెంటు మేడం" అన్నాడు తిరుపాల్, ఆమె నొచ్చుకోకుండా చెప్పాలని ప్రయత్నిస్తూ. "నేను జిరాక్సు అంగడోన్ని. నాకు ఇయ్యకపోతే యాడికి పోతారు?"

ఆ మధ్యాహ్నమే పని మొదలైంది. ఫారాల మీద ఫోను నంబర్లున్నాయి. గోవిందన్న ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఫోటో మొత్తం కంప్యూటరులో ఎక్కించడానికి ఒప్పుకుంటారా అని అడిగాడు. అందరూ ఒప్పుకున్నారు. మంజూరైందా అని కూడా అందరూ అడిగారు. మాదన్న మాత్రం తన తల్లి రాట్నం కూడా కనిపించాలని షరతు పెట్టాడు. ప్రతి ఫోటో కింద నజ్మా తొమ్మిదో గడిని అక్షరం మార్చకుండా పెట్టింది. శుక్రవారం మూడున్నరకు నలభై ఫోటోలు సిద్ధమయ్యాయి. నలభై ఒకటోదిగా ఒక ఖాళీ గడి పెట్టి, దాని కింద హుసేనమ్మ కథ రాసింది.

నాలుగు గంటలకు రవికుమార్ ఆదోని గదిలో మీట నొక్కాడు. ప్రదర్శన తెరుచుకుంది. ఆయన ఒక్కొక్క ఫోటో లెక్కపెట్టి, నలభై దాటాయని తృప్తిపడి, నజ్మాను మెచ్చుకున్నాడు. తర్వాత గది చుట్టూ చూశాడు.

"బాగా చేసినావమ్మా. ఇంత బాగా ఆన్‌లైన్ అయిపోయినాక ఈ గది ఎందుకు? ఎవరైనా ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. సోమవారం వ్యాను పంపిస్తాను. పెట్టెలు ఎత్తించెయ్."

"సార్, నలభై ఉంటే గది ఉంటుందన్నారు."

"నలభై లేకపోతే తీసేస్తా అన్నాను. ఉంటే తీసేయనని ఎప్పుడన్నాను?"

నజ్మాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన ముందు ఏడవడం ఇష్టం లేక, స్కానరు వైరు చుట్టింది. చుట్టి, మళ్లీ విప్పి, మళ్లీ చుట్టింది. తనే కష్టపడి తన గది గొంతు నులిమినట్టయింది.

సోమవారం పదిన్నరకు వ్యాను వచ్చింది. వెనకే జీపులో రవికుమార్ వచ్చాడు. వీధి మలుపు దగ్గరే రెండు బండ్లూ ఆగిపోవాల్సి వచ్చింది. పత్రాల గది గుమ్మం నుంచి పత్తి మార్కెట్ గేటు దాకా జనం ఉన్నారు. ఎమ్మిగనూరు వాళ్లు, గోనెగండ్ల వాళ్లు, కోడుమూరు వాళ్లు. చాలామంది చేతుల్లో రంగుల ప్రింట్లు, కొన్నిటికి లామినేషన్.

"ఇది ఆన్‌లైన్‌లో ఉంది గదప్పా" అన్నాడు రవికుమార్ దారి చేసుకుంటూ. "ఫోన్లో చూసుకోండి. ఈడికి ఎందుకొచ్చినారు?"

"చూసినాము సారు" అన్నాడు మాదన్న. "ఫోన్లో ఏమైనా వస్తాది. నిజమైందని తెలిసేది ఎట్ల? ప్రింటు తీసుకొచ్చినాము. సీలు కొట్టి సంతకం పెట్టియ్యండి. ఇంట్లో పటం కట్టిచ్చుకుంటాము."

గోవిందన్న బీరువా అడుగు నుంచి గుండ్రటి సీలు వెతికి తీశాడు. సిరా ఎండిపోయి ఉంటే నాలుగు చుక్కలు నీళ్లు పోశాడు. నజ్మా సంతకం మొదలుపెట్టబోయింది. కానీ జనం రవికుమార్‌ను ఎగాదిగా చూసి, పెద్దసారు ఉండగా చిన్నసంతకం ఎందుకన్నారు. ఆయన వద్దనేలోపలే కుర్చీ వేశారు, కూర్చోబెట్టారు.

రవికుమార్‌కు ఒక అలవాటు ఉంది. చదవకుండా దేని మీదా సంతకం పెట్టడు. కాబట్టి చదవడం మొదలుపెట్టాడు. మొదటి పది ప్రింట్లు గబగబా చదివాడు. పెళ్లికొడుకు బురదలో పడినచోట నవ్వు ఆపుకోలేకపోయాడు. పన్నెండు గంటలకు టీ వచ్చినా తాగలేదు. వచ్చిన ప్రతి ఒక్కరి చేతా సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టించమని గోవిందన్నకు చెప్పాడు. పుస్తకం అయిపోతే ఇంకోటి తెప్పించాడు.

ఒంటిగంటకు సుంకమ్మ వంతు వచ్చింది. ఖాళీ గడి, కింద అరవై అడుగుల బావి. ఆయన చదివి, కలం పక్కన పెట్టాడు.

"బెల్లం తర్వాతైనా ఇచ్చినారా?" అని అడిగాడు.

"ల్యా సారు. ఎవరిస్తారు?"

రవికుమార్ మిగతా వాటి మీద కంటే కొంచెం పెద్దగా సంతకం పెట్టాడు. సీలు గోవిందన్న చేతిలోంచి తీసుకుని, ఖాళీ గడి మధ్యలో తనే జాగ్రత్తగా వేశాడు. కాగితం సుంకమ్మకు రెండు చేతులతో ఇచ్చాడు. తర్వాత గుమ్మం బయట ఇంకా ఎంతమంది ఉన్నారో లేచి చూసి వచ్చాడు. ఎక్కించని ఫోటోలవాళ్లు కూడా వచ్చారని, తమవి ఎప్పుడు ఎక్కిస్తారని అడుగుతున్నారని గోవిందన్న చెప్పాడు.

"నజ్మా, మిగిలినవి ఎన్ని ఉన్నాయి?"

"రెండు వందల నలభై ఐదు ఫారాలు సార్."

"వాటికీ సీలు అడుగుతారు గదా?"

"అడుగుతారు సార్."

"కర్నూలుకు ఇంతమంది వస్తే నా ఆఫీసులో కూర్చునేదానికి చోటు లేదు" అన్నాడు రవికుమార్. కలం మూత పెట్టి, మళ్లీ తీసి, వెనక ఉన్న రెండు వందల పద్నాలుగు పెట్టెల వైపు చూశాడు. "ఈ గది ఈడనే ఉండనీ. పెట్టెలూ ఈడనే ఉండనీ. రేపు కాగితం పంపిస్తాను."

నవ్వితే ఎక్కడ మనసు మార్చుకుంటాడో అని, నజ్మా తలవంచుకుని తర్వాతి ప్రింటు ఆయన ముందు పెట్టింది.

నాలుగు గంటలకు వ్యాను డ్రైవరు వచ్చి, ఏం ఎక్కించాలని అడిగాడు. అంత దూరం నుంచి వచ్చిన బండిని ఖాళీగా పంపితే లెక్క చెప్పాల్సి వస్తుంది. ఎలాగూ దారిలోనే కదా అని ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరు వాళ్లలో పట్టినంతమందిని ఎక్కించారు. మాదన్న ముందు కూర్చున్నాడు, సుంకమ్మ కాగితం మడత పడకుండా ఒళ్లో పెట్టుకుంది.

ప్రయాణ పుస్తకంలో డ్రైవరు మాత్రం పొద్దున తనకు చెప్పినట్టే 'చారిత్రక సామగ్రి తరలింపు' అని రాశాడు.